పేరెత్తని ఫిత్రా

షేక్ ఫయాజ్ ఎవరి గుమ్మం ముందైనా బియ్యం సంచీతో నిలబడ్డాడంటే, నోట్లో ఒక అబద్ధం సిద్ధంగా ఉన్నట్టే. రంజాన్ ఆఖరి వారంలో లండన్ శివారులో హౌన్స్‌లో అనే పేట వీధుల్లో ఎనిమిదేళ్ళుగా అతని పని ఇదే. పండగ నమాజుకు ముందే ఇంట్లో ఒక్కో మనిషి తరఫున రెండు కిలోల చొప్పున గింజలో, వాటి ఖరీదో లేనివాళ్ళకు చేర్చాలి. దాన్నే ఫిత్రా అంటారు. పండగపూట ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకుండా ఉండకూడదని పెట్టిన ఏర్పాటు అది. నమాజు దాటాక ఇస్తే మామూలు దానం కింద పోతుంది తప్ప ఫిత్రా కాదు. చాలామంది ఇప్పుడు ఫోన్‌లో రెండు మీటలు నొక్కి ఆ బాధ్యత దించుకుంటున్నారు. ఫయాజ్ మాత్రం సోనా మసూరి బియ్యమే ఇస్తాడు. అది ఫిత్రా అని మాత్రం చచ్చినా చెప్పడు.

క్యాష్ అండ్ క్యారీ టోకు దుకాణంలో ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇచ్చారనీ, ఫ్లాట్‌లో పెట్టుకోను చోటు లేదనీ చెప్పడం అతని తొలినాళ్ళ పద్ధతి. తర్వాత పదును తేలాడు. ఇండియా వెళ్తున్నాను, మూడు నెలల్లో పురుగు పడతాయని ఒక ఇంట్లో చెప్పి, వారం తిరక్కుండా వాళ్ళకే బస్టాపులో ఎదురుపడి, ఫోన్ చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగి పావుగంట నిలబడ్డాడు. ఇంకో ఏడు, పేట డాక్టరు జీపీ అన్నం మానెయ్యమన్నాడని మూడిళ్ళలో చెప్పాడు. ఆ మూడిళ్ళ ఆడవాళ్ళూ అతని భార్య షమీమ్‌కి ఫోన్ చేసి కాకరకాయ రసం ఎలా తీయాలో చెప్పారు. ఆవిడ మూడుసార్లూ శ్రద్ధగా విని, ఆ రాత్రి నిజంగానే తీసి, గ్లాసులో పోసి భర్త ముందు పెట్టింది. అబద్ధమాడినందుకు అది కూడా ఫిత్రాలో భాగమేనంది.

ఈ విద్య అతనికి పుట్టుకతో రాలేదు. నేర్పింది ఖాసింబీ ఆంటీ. నరసరావుపేట దగ్గర నూర్‌బాషాల ఆడపడుచు. డెబ్బై ఎనిమిదిలో భర్త వెంట ఈ దేశం వచ్చింది. ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే ఉద్యోగం చేసి, రిటైరై, ఆమధ్య కాలం చేశాడు. కొడుకులిద్దరూ లెస్టర్‌లో ఉంటారు. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడి ఎరగని ఆంటీ, మసీదులో చుట్టూ పంజాబీ, ఉర్దూ మాట్లాడే ఆడవాళ్ళ మధ్య నలభై ఏళ్ళుగా తలూపుతూ నెట్టుకొచ్చింది. తెలుగు వినపడితే చాలు, బస్సులోనైనా సీటు మారి వచ్చి కూర్చుంటుంది.

ఫయాజ్ రెండు వేల తొమ్మిదిలో చిలకలూరిపేట నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చినప్పుడు ఒకే ఇంట్లో ఎనిమిదిమంది ఉండేవాళ్ళు. కాలేజీ ఆర్నెల్లలో మూతపడింది. ఆ రంజాన్ చివర్లో ఒక పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి, కోడలు తెలీక వేరే రకం బియ్యం కొన్నది, మా ఇంట్లో ఎవరూ తినడంలేదు, పారేయలేక తెచ్చానని విసుక్కుంటూ సంచీ పడేసి వెళ్ళింది. కుర్రాళ్ళు ఆ కోడల్ని దీవిస్తూ నెల రోజులు తిన్నారు. రెండేళ్ళ తర్వాత ఫయాజ్‌కి విమానాల్లో భోజనాలు సర్దే కిచెన్‌లో ఉద్యోగం కుదిరింది. అప్పుడు ఆంటీ సంచీలు మొయ్యడానికి అతన్ని తోడు తీసుకెళ్ళింది. మొదటి గుమ్మం ముందే ఆవిడ అదే కోడలు, అదే బియ్యం అంటూ మొదలుపెట్టేసరికి అతనికి సంగతి అర్థమైంది. తిన్న అన్నం అరిగి రెండేళ్ళయింది కాబట్టి కోపం రాలేదు. నవ్వొచ్చింది.

"చెప్పి ఇచ్చావనుకో, ఆ మనిషి రేపట్నుంచి నీ ఎదురుగా దగ్గాలన్నా ఆలోచిస్తాడు," అంది ఆంటీ వెనక్కి నడుస్తూ. "మన బియ్యం తిని మనల్నే తిట్టుకునేట్టు ఉండాల. అప్పుడు ఇచ్చినట్టు."

ఆ రోజు నుంచి ఫయాజ్ ఇచ్చేవాళ్ళ వరసలో ఉన్నాడు. కిచెన్‌లో సూపర్‌వైజర్ అయ్యాడు, పెళ్ళయింది, ఆఫ్రీన్ పుట్టింది, బట్టలుతికే లాండ్రెట్ దుకాణం పైన ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాడు. వీటిలో దేన్ని గురించీ ఎవరితోనూ గొప్పగా చెప్పుకోడు. ఎనిమిది రంజాన్లు ఇచ్చాననే మాట మాత్రం లోపల ఒక మెడల్‌లా వేలాడుతుండేది.

రెండు వేల పంతొమ్మిది ఏప్రిల్‌లో ఆ కిచెన్ కాంట్రాక్ట్ వేరేవాళ్ళకు పోయింది. ఫయాజ్ ఉద్యోగం దానితోపాటే పోయింది. కొత్త ఉద్యోగం ఒక గోడౌన్‌లో దొరికింది గాని, పండగయ్యాక వచ్చే సోమవారం గాని చేరడానికి లేదు. మధ్యలో రెండు నెలలు చేతిలో ఉన్నదంతా అద్దెకూ కౌన్సిల్ ట్యాక్స్‌కూ పోయింది. అందులో ఏడవాల్సిందేమీ లేదు, సోమవారం వస్తుంది. కానీ పండగ సోమవారం దాకా ఆగదు.

రంజాన్ ఆఖరి ఆదివారం పొద్దున ఫయాజ్ ఎప్పట్లాగే పది కిలోల సంచీ కొనుక్కొచ్చి హాల్లో పెట్టాడు. షమీమ్ దానివంకా అతనివంకా చూసింది.

"ఈ యేడు మీకు ఇచ్చే పని లేదు. పండగనాటికి చేతిలో ఇంత మిగిలితేనే ఇవ్వాలని ఒక లెక్కుంది. మీకు అంత లేదు. మీరు పుచ్చుకునే లెక్కలోకొస్తారు."

"మరి నువ్వు?"

"నేను ఇచ్చే లెక్కలోకొస్తా. నగలున్నయ్ గా."

"ఒకే కంచంలో తింటున్నాం కదే."

"కంచం ఇద్దరిదీ. నగలు నావి."

ఫయాజ్ ఓడిపోయే మనిషి కాదు. అయితే నీ ఫిత్రా నాకే ఇచ్చెయ్, బియ్యం ఇంట్లోనే ఉంటాయన్నాడు. మొగుడికిస్తే చెల్లదట, ఇమామ్ గారిని అడిగి కనుక్కున్నానంది ఆవిడ. అంటే ఇవ్వాలనే ఆలోచన ఆవిడకు ముందే వచ్చిందన్నమాట. ఫయాజ్‌కి ఒళ్ళు మండింది. తప్పనిసరి కాకపోతే కాకపోయిందిగాని ఈ సంచీ ఇచ్చే తీరతానన్నాడు. ఇస్తే పుణ్యమే, వద్దన్నదెవరంటూ షమీమ్ ఫోన్ తీసి తన ఫిత్రా రెండు నిమిషాల్లో కట్టేసి, ఖాళీ చేతులు దులుపుకుని చూపించింది.

సరిగ్గా అప్పుడే లోకేష్ తలుపు తట్టాడు. పక్క గదుల్లో ఉండే కరీంనగర్ కుర్రాడు, బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రంజాన్ నెలంతా ఇఫ్తార్ ఇక్కడే చేస్తాడు. చేతిలో ఇరవై కిలోల బియ్యం సంచీ. మొహం నేలకేసి ఉంది.

"అన్నా, మా ఆఫీసుల లాటరీ తీసిండ్రు. నాకు బియ్యం తగిలినయ్. నేనా వండుకోను. జర నువ్వే ఉంచుకో."

ఫయాజ్ సంచీ చుట్టూ ఒకసారి తిరిగాడు. బ్రాక్‌నెల్‌లో ఏ కంపెనీ అయినా లాటరీలో చాక్లెట్లో, వైన్ సీసాలో ఇస్తుంది, సోనా మసూరి ఇవ్వదు. పైగా మూతి పాత చీర అంచు చింపి రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది. ఈ దేశంలో అలా కట్టే మనిషి ఒక్కరే ఉన్నారు.

"ఎవరి చీర రా ఇది?"

లోకేష్‌కి అబద్ధం రెండో వాక్యం దాకా నిలవదు. "చెప్పొద్దన్నది అన్నా ఆంటీ," అని ఒప్పేసుకున్నాడు. ఉద్యోగం పోయిన సంగతి ఆవిడకెలా తెలిసిందనేది అడగక్కర్లేకపోయింది. పదిహేను రోజుల కింద ఆంటీని జీపీ క్లినిక్‌కి కారులో తీసుకెళ్ళింది లోకేషే.

ఫయాజ్‌కి మొదట చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే, ఎందుకో, ఉత్సాహం పొంగింది. ఆంటీ తనమీదే విద్య ప్రయోగిస్తోంది. ఇస్తే పుచ్చుకునే రకం కాదని తెలిసీ ప్రయోగిస్తోంది. సరే, పండగ నమాజు దాకా ఈ సంచీ గడప లోపలికి రాకుండా చూసుకుంటే చాలు, ఆ తర్వాత ఆవిడ ఫిత్రా అని తెచ్చినా చెల్లదు. ఈ ఏడు కూడా తాను ఇచ్చేవాళ్ళ లెక్కలోనే నిలుస్తాడు. లోకేష్‌ని వెనక్కి తిప్పి, షమీమ్‌కి ఆ రకం బియ్యం పడదనీ, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయనీ చెప్పి ఇచ్చి రమ్మన్నాడు. వంటింట్లోంచి షమీమ్, దద్దుర్లు ఎక్కడొస్తాయో కూడా చెప్పి పంపమంది.

గంటలో ఫోన్ మోగింది.

"అబ్బాయ్, నేను లెస్టర్ పోతన్నా, పెద్దోడి దగ్గరకి. నెల్రోజులు. ఇంట్లో బియ్యం పురుగు పడతయ్."

"నాలుగు ఎండుమిరపకాయలేసి మూతెయ్యండాంటీ. ఏడాదైనా పట్టవు."

"మిరపకాయలు అయిపోయినయ్."

"నేను తెచ్చిస్తా."

ఆంటీ దారి మార్చింది. "నడవలో అడ్డంగా ఉంది. తట్టుకుని పడేట్టున్నా."

"లోకేష్‌ని పంపుతా, మంచం కిందకు నెడతాడు."

"మంచం కింద చోటు లేదు."

"ఏం పెట్టారాంటీ?"

"బియ్యం," అని ఫోన్ పెట్టేసింది.

ఇద్దరిలో ఎవరూ ఫిత్రా అన్న మాట ఎత్తలేదు. ఎత్తితే ఆట చెడుతుందని ఇద్దరికీ తెలుసు.

సోమవారానికి ఆంటీ పద్ధతి మార్చింది. ఇరవై కిలోల సంచీ విప్పి రెండేసి కిలోల పొట్లాలు కట్టింది. మధ్యాహ్నం లాండ్రెట్ నడిపే నిర్మలాదేవి గారు కిందనుంచి పిలిచి, ఎవరో పెద్దావిడ మీ బట్టలతోపాటు ఇది మర్చిపోయిందట అంటూ ఒక పొట్లం అందించింది. ఆ రోజు ఫయాజ్ ఇంట్లోంచి బట్టలే దిగలేదు. ఇంకొకటి తలుపు పిడికి, టేక్‌అవే మెనూ కాగితం చుట్టి, వేలాడుతోంది. నాలుగింటికి ఆఫ్రీన్ స్కూల్ నుంచి వస్తే బ్యాగ్ నేలకు ఈడుస్తోంది.

"ఏంటి రా అమ్మా బరువు?"

"ఇట్స్ ఫర్ మై ప్రాజెక్ట్, అబ్బా. ఆంటీ గేవ్ ఇట్ ఎట్ ద గేట్."

"ఏం ప్రాజెక్ట్?"

"షి సెడ్ ఐ షుడ్ థింక్ ఆఫ్ వన్."

ఆరేళ్ళ పిల్లను కూడా ఈ పనిలోకి దించేసిందని ఫయాజ్ అబ్బురపడ్డాడు. మూడు పొట్లాలూ బుట్టలో వేసి, బ్రాక్‌నెల్ నుంచి అప్పుడే వచ్చి టై విప్పుకుంటున్న లోకేష్ చేతిలో పెట్టాడు. లోకేష్‌కి రెండు రోజుల్లో ఇది మూడో మోత.

"నేనేమన్న డెలివరీ వ్యాన్‌నా అన్నా? మీరిద్దరు కూసోని మాట్లాడుకోరాదు?"

మాట్లాడుకుంటే ఓడిపోతానని ఫయాజ్‌కి తెలుసు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆంటీ సంచీని తిప్పికొట్టే సంబరంలో అతను తన సంచీ సంగతి మర్చిపోయాడు. చూస్తే సోమవారం సాయంత్రమైంది, పండగ రేపో ఎల్లుండో. ఉన్న నాలుగు గడపలూ గబగబా తిరిగాడు. మొదటి ఇంట్లో గుంటూరు నుంచి వచ్చిన నలుగురు విద్యార్థులు. ఎప్పుడూ ఆకలిమీదుండేవాళ్ళు. ఈసారి తలుపు తీసి, సంచీ చూసి, రెండడుగులు వెనక్కి వేశారు. వాళ్ళు డైట్‌లో ఉన్నారట. ఇఫ్తార్‌కైనా తెల్లారుజాము సహరీకైనా గుడ్లూ కొబ్బరినూనే తప్ప అన్నం ముట్టరట. యాభై రోజులైందని ఒకడు చొక్కా పట్టుకుని వదులు చూపించాడు. ఇండియా పోతున్నాననీ, జీపీ మానెయ్యమన్నాడనీ ఫయాజ్ రెండు అబద్ధాలు కలిపి వాడాడు. జీపీ చెప్పినమాట నిజమే అన్నా, మీరూ మాతో చేరండని వాళ్ళు అతన్నే పట్టుకున్నారు. రెండో ఇంటివాళ్ళు ఇల్లు మారి స్లౌ అనే ఊరు వెళ్ళిపోయారు. మూడో ఇంటాయన పోయిన నెలే టేక్‌అవే తెరిచాడట. ఫయాజ్ నోరు తెరిచేలోపే బిర్యానీ డబ్బా చేతిలో పెట్టాడు. నాలుగో ఇంట్లో ఎవరూ పలకలేదు. సంచీతో బయల్దేరిన మనిషి సంచీతోనూ బిర్యానీతోనూ తిరిగొచ్చాడు.

ఎండ ఇంకా ఉండగానే వాట్సాప్‌లో గొడవ మొదలైంది. సౌదీలో నెలవంక కనపడింది, రేపే పండగని ఒక మసీదు. ఇక్కడ కనపడలేదు, మేం ముప్ఫై ఉపవాసాలూ పూర్తి చేస్తాం, పండగ బుధవారమని ఇంకో మసీదు. హౌన్స్‌లోలో ఇది ఏటా ఉండేదే. ఫయాజ్ వెళ్ళే మసీదు మంగళవారం అంది. ఆ రాత్రి ఇంటికి ఇంకే పొట్లమూ రాలేదు. ఆంటీ అలిసిపోయింది, గెలిచానని ఫయాజ్ దుప్పటి కప్పుకున్నాడు.

మంగళవారం పొద్దున పార్కులో నమాజు. కొత్త బట్టలేసుకున్న వందలమంది మధ్య ఫయాజ్ ఒక్కడే భుజాన పది కిలోల బియ్యంతో చెమటలు కక్కుతున్నాడు. ఫిత్రా వసూలు చేసే టేబుల్ దగ్గర పచ్చ జాకెట్ వేసుకున్న వాలంటీర్ కార్డ్ మెషీన్ ముందుకు జరిపాడు. ఫయాజ్ బియ్యం తీసుకోమన్నాడు. బియ్యమేంటి బ్రదర్, అన్నీ ఆన్‌లైనే అన్నాడు ఆ కుర్రాడు. మైకులో వరసలు సర్దుకోమంటున్నారు. ఇంకో ఐదు నిమిషాలుంది. ఫయాజ్‌కి జీవితంలో మొదటిసారి ఒక్క అబద్ధం కూడా గుర్తు రాలేదు. ఎవరైనా తీసుకోండయ్యా, ఇది ఫిత్రా, నమాజు మొదలైతే చెల్లదని తనకొచ్చిన మూడు భాషల్లోనూ కలిపి అనేశాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాలంటీర్ అటూ ఇటూ చూసి, టేబుల్ మీదికి వంగి, తనూ స్టూడెంటేననీ, బంగ్లాదేశ్ నుంచి వచ్చాననీ, తను తీసుకోవచ్చా అనీ గుసగుసగా అడిగాడు.

ఫయాజ్ ఆ కుర్రాణ్ణి ముద్దు పెట్టుకోబోయి ఆగాడు. సంచీ చేతులు మారింది. భుజం తేలికై, కాళ్ళు తేలికై, చెప్పులు ఎక్కడ విడిచాడో కూడా తెలియకుండా పరిగెత్తి వరసలో దూరాడు. ఆ బక్కపల్చటి కుర్రాడు లేకపోతే తన పండగ ఏమయ్యేదోనని నమాజులో ఉండగానే రెండుసార్లు అనుకున్నాడు. అనుకోకూడదని తెలుసు.

ఇంటికొచ్చి సేమ్యా పాయసం తాగి, మూడో గ్లాసు చేతిలో ఉండగా ఆంటీకి ఫోన్ చేశాడు. గెలిచినవాడి మర్యాద అది. ఈద్ ముబారక్ చెప్పాడు. తర్వాత, ఆ బియ్యం మీరే వండుకోండాంటీ, లేకపోతే నిజంగానే పురుగు పడతాయని, ఆగలేక, అనేశాడు.

"మాకు రేపు గదా అబ్బాయ్ పండగ," అంది ఆవిడ.

గ్లాసు బల్లమీద పెట్టాడు. ఆంటీ వెళ్ళేది రెండో మసీదని పదేళ్ళుగా తెలుసు. ఏటా రెండిళ్ళ మధ్య పండగ ఒకరోజు అటూ ఇటూ అవుతుంటుంది, ఏటా దానిమీద నవ్వుకుంటూనే ఉంటారు. తీరా ఇప్పుడు ఆ సంగతే గుర్తులేదు. అతని గడువు అతని నమాజుతో పోయింది. ఆవిడ గడువు ఇంకో ఇరవై మూడు గంటలుంది.

షమీమ్ సోఫా మీద వెనక్కి పడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇవాళంతా ఇల్లు కదలొద్దు, తలుపు నేనే తీస్తా, పాలసీసా వచ్చినా తూకం వేయించి తీసుకుంటానంది. ఆ సాయంత్రం భోజనానికి వచ్చిన లోకేష్‌ని గుమ్మంలో ఆపి జేబులు తడిమి లోపలికి పంపారు. తనకిదంతా ఆఫీసుకంటె బాగున్నదన్నాడు వాడు. కానీ ఆంటీ నుంచి ఏ కదలికా లేదు. పొట్లం లేదు, ఫోన్ లేదు. ఫయాజ్‌కి అదే ఎక్కువ భయమేసింది.

బుధవారం పొద్దున ఏడు దాటి ముప్ఫై ఐదు నిమిషాలైంది. కింద మెట్లమీద టక్కున చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్కు. ఫయాజ్ తలుపు తీసి కిందకు చూశాడు. ఖాసింబీ ఆంటీ, కొత్త చీర, మీద పెద్ద కోటు, రెండు చక్రాల షాపింగ్ ట్రాలీని ఒక్కో మెట్టూ వెనక్కి లాగుతూ ఎక్కుతోంది. ఆరో మెట్టు దగ్గర ఆగి, అక్కడే కూలబడింది. కమ్యూనిటీ హాల్లో వాళ్ళ నమాజు ఎనిమిదింటికి.

ఫయాజ్ రెండు మెట్లు దిగి నిలబడ్డాడు. ఆవిడ ఏం చెబుతుందా అని ఎదురుచూశాడు. నలభై ఏళ్ళ అనుభవం, ఏదో గొప్పదే ఉంటుంది. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆంటీ నోరు తెరిచింది. మూసింది. చేతి గడియారం చూసుకుంది. మళ్ళీ నోరు తెరిచి, "కోడలు..." అని మొదలుపెట్టి, ఆ మాట ఎటు తీసుకెళ్ళాలో తెలీనట్టు ట్రాలీ పిడివంక చూసింది.

నిన్న పార్కులో టేబుల్ ముందు తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఫయాజ్‌కి అద్దంలో కనపడ్డట్టయింది. ఇరవై నిమిషాల్లో ఎవరి చేతిలోనైనా పెట్టకపోతే ఈవిడ నెల రోజుల ఉపవాసానికి చివరి ముడి పడదు. మోకాళ్ళ నొప్పులతో ఇంకో గడప ఎక్కలేదు. ఎక్కినా వాళ్ళు డైట్ అంటారు. లెక్కప్రకారం హౌన్స్‌లోలో ఆవిడ ఎరిగిన పుచ్చుకోదగ్గ మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడు మూడు రోజులుగా పొట్లాలు తిప్పి పంపుతున్నాడు. ఇచ్చేవాడికి ఇంతకంటె అన్యాయం చేయగలిగే మనిషి ఉండడు. ఆ సంగతి తనకే బాగా తెలియాలి.

ఇంకో రెండు మెట్లు దిగి, ఆవిడ పక్కన కూర్చుని, ట్రాలీ మూత తీశాడు.

"ఎన్ని తలలకాంటీ?"

ఆవిడ తిరిగి చూసింది. ఫిత్రా ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ తప్ప ఆ ప్రశ్న ఇంకెవరూ అడగరు.

"తొమ్మిది. లెస్టరోళ్ళవీ నేనే ఇస్తా ఏటా."

"పొట్లాలు పదున్నయ్."

"ఒకటి మీ అంకుల్‌ది. చనిపోయినోళ్ళకి అక్కర్లేదులే. అలవాటైంది."

"మరి ఇవ్వండి."

"ఇచ్చా."

"తీసుకున్నా," అన్నాడు ఫయాజ్. అని, ఆ మాట గొంతులో గుచ్చుకుంటుందేమోనని ఒక క్షణం ఆగి చూశాడు. గుచ్చుకోలేదు. కడుపులోంచి నవ్వొకటి బయల్దేరి, ఆపినా ఆగకుండా పైకి వచ్చింది. ఆంటీ అతన్ని మోచేత్తో పొడిచింది, ఎందుకు నవ్వుతున్నావంది, అని తనూ మొదలుపెట్టింది. పైన గుమ్మంలో షమీమ్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆఫ్రీన్ దాని వెనకనుంచి తొంగి చూసి, వై ఆర్ దే సిట్టింగ్ ఆన్ ద స్టెయిర్స్ అని అడిగింది.

ముందు తేరుకున్నది ఆంటీ. "టైమెంత?"

ఎనిమిదికి పన్నెండు నిమిషాలుంది. పొట్లాలన్నీ మెట్లమీదే గుమ్మరించి, ట్రాలీ ఒక చేత్తో, ఆంటీని ఒక చేత్తో పట్టుకుని ఫయాజ్ కిందకు దిగాడు. ఆఫీసుకు బయల్దేరుతూ కారు తాళం తిప్పుతున్న లోకేష్ వాళ్ళను చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే వెనక తలుపు తెరిచాడు. మధ్యలో రెండు సిగ్నళ్ళ దగ్గర ఆగాల్సి వచ్చింది. రెండింటి దగ్గరా ఆంటీ ఎర్ర లైటును తెలుగులో తిట్టింది. తిడుతూనే, ఆ బియ్యం గంజి వార్చొద్దు, అత్తెసరు పెట్టండి, కొత్తవి, మెత్తబడతయ్యని షమీమ్‌కి చెప్పమంది.

హాలు ముందు కారు ఆగేసరికి లోపల మైకులో నమాజుకు ముందు చదివే తక్బీర్ వినపడుతోంది. ఆంటీ దిగి, మోకాళ్ళ నొప్పే ఎరగని మనిషిలా, కోటు ఎగరేసుకుంటూ, ఆడవాళ్ళ తలుపు వైపు పరిగెత్తింది. నలభై ఏళ్ళలో ఆవిడ పరిగెత్తగా హౌన్స్‌లోలో ఎవరూ చూసి ఉండరు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, ఖాళీ అన్నట్టు తిప్పి చూపించి లోపలికి మాయమైంది.

తన పండగ నిన్ననే అయిపోయిన ఫయాజ్ కాలిబాట మీద ట్రాలీతో నిలబడ్డాడు. అత్తరు పూసుకుని ఆలస్యంగా వస్తున్నవాళ్ళు అతని పక్కనుంచి పరిగెత్తుతూ, నువ్వూ రా అన్నట్టు సైగ చేస్తున్నారు. అతను వాళ్ళందరికీ ఈద్ ముబారక్ చెబుతూ, ట్రాలీని ఒక చక్రం మీద గుండ్రంగా తిప్పుతున్నాడు. తొమ్మిదింటికి మీటింగుంది ఎక్కమని లోకేష్ హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఫయాజ్ వస్తున్నానని చెయ్యూపి, ఇంకొక్కసారి తిప్పాడు.